మీరు అడిగారు: అందరూ ఆ తానులో ముక్కలేనా?

ప్రశ్న: ఏ పార్టీ అయినా ఆ తానులో ముక్కే. నిలబడ్డ ప్రతివాడి మీదా కేసులే. ఇక ఎవరికి ఓటేసి ఏం లాభం?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కేసులున్న మాట నిజమే. ఏం కేసులో చూశారా? 2002 నాటి సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని అభ్యర్థులు తమ వివరాలతో ప్రమాణపత్రం ఇవ్వక తప్పడం లేదు. దాన్ని ఫారం 26 అంటారు. ఎన్నికల సంఘం వారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గం ఎంచుకుంటే కాపీ దొరుకుతుంది.

ముందు పెండింగ్ కేసుల పట్టిక తెరవండి. ఎఫ్ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, సెక్షన్లు, కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అన్నీ అందులో ఉంటాయి. పాత శిక్షాస్మృతిలోని 143, 188, 341 కనిపిస్తే అది చాలావరకు ధర్నాల, రాస్తారోకోల బాపతు. 302 హత్య, 307 హత్యాయత్నం, 376 అత్యాచారం, 420 మోసం. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలైతే భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఇవే వరసగా 103, 109, 64, 318. చాలామంది పప్పులో కాలేసేది కేసులు లెక్కపెట్టే దగ్గరే. ఒకాయన మీద ఉన్న పదీ రాస్తారోకోలే కావచ్చు, ఇంకొకాయన మీద ఉన్న ఒక్కటీ 307 కావచ్చు. ఎఫ్ఐఆర్ ఆరోపణ మాత్రమే. అభియోగాలు నమోదయ్యాయంటే విచారించాల్సినంత సరుకు ఉందని కోర్టు అనుకున్నట్టు.

తర్వాత ఆస్తులు. కిందటి ఎన్నికల్లో ఇచ్చిన పత్రం కూడా తీసి పక్కపక్కన పెట్టుకోండి. రూపాయలు పోల్చకండి, భూమి రేటు పెరిగినా ఆ అంకె పెరుగుతుంది. సర్వే నంబర్లు, ఎకరాలు పోల్చండి. కొత్త సర్వే నంబరు కనిపిస్తే, ఐదేళ్ల ఐటీ రిటర్నుల్లో చూపిన ఆదాయంతో అది కొనగలరా అన్నది చూడాలి. భార్య కాలమ్ వదలొద్దు, ఆస్తులు ఎక్కువగా పాకేది అటే. సొంత సంపాదనున్న కొడుకుల, కోడళ్ల ఆస్తులు మాత్రం ఇందులో చూపనక్కర్లేదు. ఈ కాగితానికున్న పెద్ద కన్నం అదే. అబద్ధం రాస్తే పడే శిక్షా మహా అయితే ఆరు నెలల జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చాలదు.

ప్రశ్న: నోటా నొక్కితే బుద్ధి రాదా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: 2024లో ఇందోర్ లోక్‌సభ స్థానంలో నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి. గెలిచేవారు గెలిచారు. ఒకవేళ నోటాకే అందరికంటే ఎక్కువ వచ్చినా, అభ్యర్థుల్లో ముందున్నవారే నెగ్గినట్టు.

ప్రశ్న: యుద్ధాలు, ఎండలు చూస్తుంటే మనిషి జాతికి రోజులు దగ్గరపడ్డాయనిపిస్తోంది. ఇన్ని దేశాల నాయకులు ఏనాటికైనా ఒక్క మాట మీదికి వస్తారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఒకసారి వచ్చారు. మీ ఫ్రిజ్ వెనక స్టిక్కరు చూడండి, చల్లబరిచే గ్యాస్ పేరు ఆర్600ఎ అనో ఆర్134ఎ అనో ఉంటుంది. వెనకటి ఫ్రిజ్‌లలో ఉండేది ఆర్12, ఓజోన్ పొరను తినేసే సీఎఫ్‌సీ (క్లోరోఫ్లోరోకార్బన్) రకం గ్యాస్. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఇలాంటి గ్యాసులకు కళ్లెం వేసే ఒప్పందం కుదిరింది, తర్వాత ప్రపంచ దేశాలన్నీ చేరాయి. మంచితనంతో కాదు. తయారీదారులు కొద్దిమందే, బదులు గ్యాసులు అందుబాటులోకి వస్తున్నాయి. పేద దేశాలకు పదేళ్ల గడువుతో పాటు నిధీ ఇచ్చారు, చేరని దేశాలతో ఆ సరుకు వ్యాపారం బంద్ అన్నారు. మధ్యలో దొంగతనమూ జరిగింది. తూర్పు చైనా నుంచి సీఎఫ్‌సీ-11 మళ్లీ వెలువడుతోందని గాలి నమూనాలు పట్టిచ్చాయి, 2019కల్లా తగ్గింది. అంటార్కిటికా మీది ఓజోన్ సుమారు 2066కు 1980 నాటి స్థాయికి చేరుతుందని అంచనా.

బొగ్గు, పెట్రోలు సంగతి అలా కాదు. అవి ప్రతి ఇంటినీ, ప్రతి బండినీ ముట్టుకుంటాయి, అందుకే బేరం తెగడం లేదు. పైగా సీఎఫ్‌సీ బదులొచ్చిన ఆర్134ఎ ఓజోన్ జోలికి పోదు గానీ, కిలోకు కిలో లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,430 రెట్లు వేడి పెంచుతుంది. ఇలాంటి బదులు గ్యాసులను తగ్గించడానికి 2016లో కిగాలీలో ఇంకో ఒప్పందం చేశారు. మన దేశం 2032లో 10 శాతంతో మొదలుపెట్టి 2047కల్లా 85 శాతం తగ్గించాలి. ఈలోగా ఏసీలో గ్యాస్ తగ్గిందంటే ముందు లీకు ఎక్కడో పట్టించి, అతికించాకే నింపించండి. మిగిలిన పాత గ్యాస్‌ను మెకానిక్ గాల్లోకి వదిలేయబోతే ఆపండి, రికవరీ మెషీన్‌తో సిలిండర్‌లోకి పట్టమనండి.