గాలం కబుర్లు: తాటిపూడిలో చేప ఎందుకు పడటం లేదు?

ప్రశ్న: విజయనగరంలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. ఈమధ్యే ఆదివారాలు తాటిపూడి రిజర్వాయరుకి వెళ్లి గాలం వేయడం అలవాటైంది. ఆన్‌లైన్‌లో మంచి రాడ్డు, రీలు, రంగురంగుల ప్లాస్టిక్ ఎరలు కొన్నాను. ఒక్క చేపా పడటం లేదు. నా పక్కనే వెదురు గాలంతో కూర్చునే తాతగారికి మాత్రం సంచి నిండుతోంది. ఆయన్ని అడగాలంటే మొహమాటం. నేనేం మార్చుకోవాలి? అసలు అక్కడ గాలం వేయడానికి అనుమతి కావాలా?
- ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: బాబూ, ముందు ఆ మొహమాటం వదిలేయండి. గట్టు మీద కూర్చునే పెద్దవాళ్లలో అడిగితే చెప్పనివారు నాకు తారసపడలేదు. ఒక టీ ఇప్పించి పక్కన కూర్చోండి. ఎర ఎలా కలుపుతున్నారో చూస్తే సగం పని అయిపోయినట్టే.

మీ రాడ్డులో ఏ లోపమూ లేదు. చిక్కంతా ఎర దగ్గరే ఉంది. ప్లాస్టిక్ చేపపిల్లలు వేటాడి తినే చేపల కోసం తయారుచేసినవి. కొర్రమీను, వాలుగ వాటి వెంటపడతాయి. మన రిజర్వాయర్లలో చేపపిల్లల్ని వదిలి పెంచేది మాత్రం ఎక్కువగా బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. బంగారుతీగ కూడా దొరుకుతుంది. ఇవి పరిగెత్తే ఎరను తరమవు. వీటి తిండి వేరు, తినే లోతులూ వేరు.

ఈసారి చేపల బజారుకి వెళ్లినప్పుడు వీటి మూతులు పక్కపక్కన పెట్టి చూడండి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటి పైపొరల్లో తేలే సన్నటి జీవుల్ని అది మింగుతుంది. శీలావతి మధ్య నీటిలో తిరుగుతుంది, దాని కింది పెదవి అంచు కుచ్చులా ఉంటుంది. ఎర్రమోసు అడుగున కుళ్లిన ఆకూ అలమూ ఏరుకుని తింటుంది. బంగారుతీగ అయితే మూతితో బురదే తవ్వేస్తుంది. ఎర ఏ లోతులో వేలాడాలో ఆ మూతులే చెబుతాయి. బొచ్చె కోసం అడుగున ఎర పడేసి పొద్దస్తమానం కూర్చున్నా లాభం లేదు.

ఎర నేను కలిపే పద్ధతి చెబుతాను. తవుడు, వేరుశనగ చెక్క పొడి సమానంగా తీసుకుని, పొడి మూకుడులో సన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. చల్లారాక గుప్పెడు చోడి (రాగి) పిండి కలిపి, రిజర్వాయరు నీళ్లే కొద్దికొద్దిగా చల్లుతూ ముద్ద చేయాలి. ఇంటి దగ్గర కలిపి పట్టుకెళితే పులుస్తుంది, అక్కడే కలపండి. ముద్దను ఒక చెంబు నీళ్లలో వేసి చూడండి. వెంటనే విడిపోతే చోడి పిండి చాలలేదు. ఎంతసేపటికీ గట్టిగా అలాగే ఉంటే పిండి ఎక్కువైంది. అంచులు మెల్లగా కరుగుతూ నీళ్లు కాస్త మసకబారితే సరిగ్గా కుదిరినట్టు. ఆ కరిగే పిండి వాసనకే చేప దగ్గరికొస్తుంది. ఎర్రమోసుకి, బంగారుతీగకి ఇదే ముద్ద కాస్త గట్టిగా చేసి అడుగుకి దించండి. జెల్లలకి వానపామును మించింది లేదు.

దారానికి కట్టి నీటి మీద తేలనిచ్చే బెండు సంగతి కూడా చెబుతాను. చాలామంది కొత్తవాళ్లు బెండు బుడుంగున మునిగితేనే చేప అనుకుంటారు. ఎర అడుగున ఉన్నప్పుడు చేప దాన్ని నోట్లోకి తీసుకుని తల పైకెత్తుతుంది. సీసం గుండు బరువు దారం మీద తగ్గి, బెండు కాస్త పైకి లేచి పక్కకు వాలుతుంది. అదీ కొరుకుడే, అప్పుడే లాగాలి. మీ పక్కన తాతగారు అకస్మాత్తుగా మణికట్టు తిప్పుతుంటే ఆయన చూస్తున్నది దీన్నే అయి ఉంటుంది.

ఎండాకాలం మధ్యాహ్నం మానేయండి. తెల్లవారాక కాసేపు, సాయంత్రం ఎండ వాలాక మంచిది. వానాకాలంలో గోస్తని నది కొత్తనీరు రిజర్వాయరులో కలిసే వైపు, ఎర్రనీరు కాస్త తేరుకున్నాక వేస్తే ఫలితం బాగుంటుంది. ప్రవాహంతో పాటు తిండి కొట్టుకొచ్చేది అటు నుంచే.

ఇక అనుమతి. రిజర్వాయరు ప్రభుత్వానిది, చేపల హక్కుల వ్యవహారం మత్స్యశాఖ చూస్తుంది. విజయనగరంలో జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి ఒకసారి వెళ్లి, గాలానికి ఏం కావాలో, ఏ నెలల్లో వేట ఆపమంటున్నారో అడిగి తెలుసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే నిషేధం సముద్రంలో వేటకి సంబంధించింది, దాన్ని చూసి లెక్క వేసుకోకండి. ఊళ్లోని మత్స్యకార సంఘం వాళ్లతోనూ మాట్లాడండి. వలల ఆనవాళ్లు కనిపించిన చోట గాలం విసరకండి. మనకి అది ఆదివారం సరదా, వాళ్లకి ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ వలతోనే. వల తెగితే ఎవరు కుట్టిస్తారు?

గేట్ల దగ్గరా, తూముల దగ్గరా వేయకండి. వేసవిలో నీరు దిగిపోయిన అంచున పైకి ఎండినట్టు కనిపించే బురద మోకాలి లోతు దిగిపోతుంది, జాగ్రత్త. తెగిన నైలాన్ దారం అక్కడే వదిలి రాకండి. నీటికాకులు, గట్టున మేసే మేకలు దాంట్లో చిక్కుకుంటాయి.

ప్రశ్న: మాది రాజాం. మా ఆయన మడ్డువలస రిజర్వాయరు నుంచి బొచ్చెలు తెస్తారు. వేసవిలో మాత్రం కూరంతా బురద వాసన. పిల్లలు ముట్టుకోవడం లేదు. చేప పాడైందా?
- ఓ పాఠకురాలు

జవాబు: పాడవలేదమ్మా. నీరు తగ్గి వేడెక్కినప్పుడు పెరిగే నాచులో, అడుగు మట్టిలో ఉండే సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని విడుస్తాయి. తొలకరి చినుకులకి మట్టి వాసన వచ్చేది కూడా దానివల్లే. చేప ఒంట్లో కొవ్వు ఉన్నచోట అది పేరుకుంటుంది. అందుకే చర్మం, పొట్ట కొవ్వు, వెన్ను పొడుగునా ఉండే ముదురు కండ తీసేయండి. పొట్ట లోపలి నల్లపొర గోకేయండి. ముక్కలకి ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి కాసేపు ఉంచి కడగండి. పులుపుకి ఈ పదార్థం విరిగిపోతుంది. కాబట్టి వేసవి బొచ్చెని వేపుడు చేయకుండా చిక్కటి చింతపండు పులుసే పెట్టండి. మామిడికాయ ముక్కలు వేస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మా ఊరి గెడ్డ (వాగు) రిజర్వాయరులో కలుస్తుంది. ఎండాకాలం గెడ్డ మడుగుల్లో బ్లీచింగ్ పౌడర్ వేసి చేపలు పడుతున్నారు. తప్పు కదా అంటే, ఎలాగూ ఎండిపోయే నీళ్లే కదా అంటున్నారు. నాకేం చెప్పాలో తెలియడం లేదు.
- ఓ విద్యార్థి, శృంగవరపుకోట

జవాబు: నాయనా, ఈ ఉత్తరం చదివాక నాకు మనసు మనసులో లేదు. అడిగినందుకు నిన్ను మెచ్చుకుంటున్నాను.

బ్లీచింగ్‌లోని క్లోరిన్ చేప మొప్పల్ని కాల్చేస్తుంది. నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చచ్చిపోతుంది. వాళ్లు ఏరుకునేది పైకి తేలిన పెద్ద చేపల్నే. పరిగెలు, కప్పలు, నత్తలు, గుడ్లు అన్నీ అక్కడే కుళ్లుతాయి. ఆ మడుగులోనే ఊరి పశువులు నీళ్లు తాగుతాయి.

ఎండిపోయే నీళ్లే అన్న మాటకి నీ జవాబు ఇది. గెడ్డంతా ఎండినా లోతు మడుగులు కొన్ని మిగులుతాయి. వేసవి గడిచేదాకా తల్లి చేపలు ప్రాణం నిలుపుకునేది వాటిలోనే. తొలి వరద రాగానే అవి ఎదురీది గుడ్లు పెడతాయి. శీలావతి, బొచ్చె లాంటివి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద నీరు కావాలి. మడుగులో తల్లి చేపని చంపితే వచ్చే ఏడు గెడ్డలో ఏం మిగులుతుంది? పైగా తాటిపూడి నీళ్లు విశాఖపట్నం జనం తాగుతున్నారు. అందులో కలిసే ఏ గెడ్డలోనైనా మందు పోయడమంటే ఆ నీళ్లలో పోయడమే.

చట్టం కూడా నీ వైపే ఉంది. 1897 నాటి భారత మత్స్య చట్టం చేపల్ని చంపడానికి నీటిలో విషం, సున్నం కలపడాన్నీ, పేలుడు పదార్థాలు వాడటాన్నీ నేరంగా పేర్కొంది. నువ్వు ఒక్కడివే మడుగు దగ్గరికి వెళ్లి గొడవపడకు. వేసవి రాకముందే సర్పంచ్‌నీ, పశువులున్న రైతుల్నీ కలుపుకుని పంచాయతీలో ఈ మాట ఎత్తించు. గేదెలు తాగే నీళ్లంటే ఊళ్లో వినేవాళ్లు ఎక్కువ. మత్స్యశాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో. అయినా మందు వేస్తే పోలీసులకి ఫోన్ చెయ్యి, ఆ నీళ్ల దగ్గరికి పశువుల్ని పోనివ్వొద్దని వెంటనే ఊళ్లో చెప్పించు.