డాక్టర్ సలహా: యాప్ మూతపడింది, మావారి ఆట మాత్రం ఆగలేదు

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మావారు ఆటోనగర్‌లో ఓ కంపెనీలో సూపర్‌వైజర్. కొన్నేళ్లుగా ఫోన్‌లో డబ్బు పెట్టి రమ్మీ ఆడేవారు. 2025లో కేంద్రం చట్టం తెచ్చాక ఆ యాప్‌లో డబ్బు ఆటలు ఆగిపోయాయి. గండం గడిచిందనుకున్నాం. నాలుగు రోజులు చిరాకుగా, నిద్ర లేకుండా ఉన్నారు. ఇప్పుడు టెలిగ్రామ్‌లో వచ్చే లింకుల్లో క్రికెట్ బెట్టింగ్ వేస్తున్నారు. అడిగితే అబద్ధాలు చెబుతున్నారు. అప్పులు ఆరు లక్షలు దాటాయి. మా మరిది "రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది, ప్రభుత్వానికి ఎందుకు?" అంటాడు. మా నాన్న పోలీసులకు పట్టిద్దామంటారు. నా నగలు అమ్మి అప్పు తీర్చేయమని అత్తయ్య పోరుతున్నారు. ఇది జబ్బా డాక్టర్ గారూ? మందులున్నాయా?

జవాబు: జబ్బేనమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో జూదం వ్యసనం పేరు విడిగా ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. ఆట ఆపితే చిరాకు, ఆడుతున్న సంగతి దాచడం, అప్పులు చేసైనా ఆడడం దీని లక్షణాలే. పరీక్షించకుండా ఖాయంగా చెప్పకూడదు గానీ, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే వెంటనే వైద్యుడిని కలవాలి.

మీ మరిది చెప్పింది సగమే. 1968 నాటి ఆ తీర్పు అప్పటి ఉమ్మడి మన రాష్ట్రం కేసులోనే వచ్చింది, సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు గురించి. రమ్మీలో నైపుణ్యానిదే ప్రధాన పాత్ర అని కోర్టు అన్నది నిజమే. పందెం ఆట మీద క్లబ్బు యజమాని లాభం చేసుకుంటుంటే అది నేరం కావచ్చని అదే తీర్పులో ఉంది. ఈ రెండో మాట ఎవరూ చెప్పరు.

వైద్యుడిగా నాకు నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదనతో పని లేదు. క్లబ్బులో ముక్కలు కలిపి పంచేసరికి కాస్త సమయం పట్టేది, డబ్బు అయిపోతే లేచి రావలసి వచ్చేది. ఫోన్‌లో రాత్రి రెండింటికి కూడా నిమిషాల్లో ఇంకో ఆట మొదలవుతుంది, యూపీఐలో క్షణంలో డబ్బు పోతుంది. ఒక్క ముక్క తగలక ఓడిపోతే మెదడు దాన్ని పూర్తి ఓటమిగా తీసుకోదు. గెలుపుకు స్పందించే భాగాలే అప్పుడూ ఉత్తేజపడతాయని మెదడు స్కానింగ్ పరిశోధనల్లో తేలింది. పైగా నైపుణ్యం ఆట అన్న నమ్మకం ఉంటే "తప్పెక్కడ చేశానో తెలిసింది, ఈసారి రాబడతా" అనిపిస్తుంది. పోయినదాన్ని రాబట్టుకోవాలన్న ఆ తపనే మనిషిని ముంచుతుంది.

కేంద్రం చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడాను పక్కన పెట్టింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే. నిర్వాహకులకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. నిషేధిస్తే జనం విదేశీ సైట్లకు పోతారు, లైసెన్సులిచ్చి అదుపులో పెట్టడమే మేలని వాళ్ల వాదన. అందులో కొంత నిజముంది, మీ ఇంట్లో జరిగింది అదే. బ్రిటన్‌లో ఒక్కచోట పేరు నమోదు చేసుకుంటే లైసెన్సున్న ఆన్‌లైన్ సైట్లన్నీ ఆ మనిషిని ఆడనివ్వవు. మంచి ఏర్పాటే. అయినా నేను నిషేధం వైపే ఉంటాను. ప్రకటనలు, బోనస్‌లు చూసి కొత్తగా దిగే కుర్రాళ్లు దానివల్ల తగ్గుతారు. కానీ ఇప్పటికే చిక్కుకున్నవాడిని నిషేధం ఒక్కటే బాగుచేయదు. చట్టంతో పాటు జిల్లా జిల్లాకూ దీనికి చికిత్స చేసే క్లినిక్‌లు రావాలి.

నాన్నగారికి నచ్చజెప్పండి, పోలీసుల మాట వద్దు. కేంద్ర చట్టంలో ఆడేవారికి శిక్ష లేదు. మన రాష్ట్రం తన జూదం చట్టానికి 2020లో చేసిన సవరణ మాత్రం ఆడేవారికీ జైలు అంటుంది. ఇది నాకు నచ్చదు, ఆ భయంతోనే రోగులు ఆసుపత్రి గడప తొక్కరు. మీరు భయపడకండి. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

మందుల విషయానికొస్తే, దీనికంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. మద్యం వ్యసనానికి వాడే నాల్‌ట్రెక్సోన్ అనే మందు కొందరికి ఆడాలన్న కోరిక తగ్గిస్తుంది. డిప్రెషన్, మద్యం అలవాటు తోడై ఉంటే వాటికీ వైద్యం చేయాలి. ప్రధాన చికిత్స కౌన్సెలింగే. ఏ సమయంలో, ఏ బాధలో ఆడబుద్ధవుతోందో గుర్తించి దాటడం నేర్పుతాం. (పార్కిన్సన్స్ జబ్బుకు ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వాడేవారిలో కొందరికి ఆ మందుల వల్లే జూదం పిచ్చి పట్టుకుంటుంది. అలాంటివారు సొంతంగా మానేయకుండా డాక్టరుకు చెప్పాలి.)

నగలు అమ్మొద్దు. అప్పు మొత్తం ఒక్కసారి తీర్చేస్తే మళ్లీ అప్పు పుట్టే అవకాశం ఇచ్చినట్టే. బ్యాంకు, లోన్ యాప్, చేబదులు అన్నీ కాగితం మీద రాయించండి. ఆయన ఒప్పుకుంటే కొన్నాళ్లు జీతం మీ చేతికి రావాలి, ఆయన ఫోన్‌లో యూపీఐ తీసేయాలి. తర్వాత వాయిదాల మీద తీర్చండి. లోన్ యాప్ వాళ్లు బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. అప్పుల్లో కూరుకుపోయిన జూదరుల్లో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో గానీ, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) మానసిక విభాగంలో గానీ చూపించండి. ఆయన రానంటే ముందు మీరొక్కరే వెళ్లండి. అప్పుల కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆయన వాడే మందుల చీటీలు దగ్గరుంటే మొదటి రోజే పని మొదలవుతుంది.