కరెంటు లేని సైట్లో పైపుల టెస్టింగ్

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. చేవెళ్ల దగ్గర మా పొలంలో చిన్న ఇల్లు కట్టిస్తున్నాం. గోడల్లో సీపీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) పైపులు వేయడం అయిపోయింది. కరెంటు మీటరు ఇంకా రాలేదు. టైల్స్ మేస్త్రీ తొందర పెడుతున్నాడు. ప్లంబర్ ఏమో లీకుల కోసం పైన ట్యాంకు నింపి చూస్తే చాలంటాడు, లేదంటే పంక్చర్ షాపు కంప్రెసర్ తెప్పించి గాలి కొట్టిద్దామంటాడు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దండి. చేత్తో కొట్టే టెస్టింగ్ పంపు ఒకటి తెప్పించండి. చిన్న తొట్టి, దానికో పిడి, ఒత్తిడి చూపించే గేజు ఒకటి, అంతే. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. కొనడం దండగ అనిపిస్తే తెలిసిన ప్లంబింగ్ కాంట్రాక్టరును ఒక పూట అడగండి.

ట్యాంకు సంగతి చూద్దాం. 10 మీటర్ల ఎత్తు నీళ్లుంటే వచ్చేది 1 కేజీ ఒత్తిడి, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ. మీ ఒక్క అంతస్తు ఇంట్లో కుళాయి దగ్గరికి అర కేజీ కూడా రాదు. రేపు ప్రెషర్ పంపు పెట్టుకుంటే లైన్లో 3 కేజీలుంటాయి. టెస్టు దానికి కనీసం ఒకటిన్నర రెట్లు, అంటే 4.5 కేజీల దగ్గర చేయాలి. పైపు కంపెనీ ఇంకా ఎక్కువ చెబితే దాని మాటే వినండి.

గాలి మాత్రం అసలు కొట్టించకండి. నొక్కిన గాలి స్ప్రింగులా బలం దాచుకుంటుంది. జాయింటు ఊడినా, పైపు పగిలినా ముక్కలు మొహం మీదికి ఎగురుతాయి. ప్లాస్టిక్ పైపుల కంపెనీలు గాలితో టెస్టు చేయొద్దనేది అందుకే. నీళ్లు అలా కాదు. వంద మీటర్ల అంగుళం పైపులో పట్టేవి దాదాపు 50 లీటర్లు. వాటిని 5 కేజీలకు నొక్కితే తగ్గేది రెండు మూడు చెంచాలు. కాబట్టే చేతి పంపు సరిపోతుంది. కొన్ని చుక్కలు కారినా గేజు ముల్లు పడిపోతుంది. ట్యాంకరు కూడా అక్కర్లేదు, ఒక డ్రమ్ము నీళ్లు చాలు.

ఆఖరి జాయింటుకు సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) పూశాక ఒక రోజు ఆగండి. కుళాయిలు, గీజరు ఇంకా బిగించకుండా అన్ని చోట్లా ప్లగ్గులు వేయించండి. అన్నిటికన్నా కింద ఉన్న చోట పంపు తగిలించి, పైనున్న ప్లగ్గు వదులు చేసి, నెమ్మదిగా నింపండి. పైన బుడగలు ఆగి నీళ్లు ధారగా వచ్చాకే బిగించాలి. తొందరపడేవాళ్లు వదిలేసేది ఈ పనే. పిడి మెత్తగా ఆడుతూ ముల్లు బద్ధకంగా లేస్తుంటే లోపల గాలి ఉన్నట్టు. పై ప్లగ్గు దగ్గర మళ్లీ గాలి వదలండి. గాలి పోయాక పిడి గట్టిపడుతుంది, ముల్లు చకచకా ఎక్కుతుంది.

పంపుకీ లైనుకీ మధ్య ఒక బాల్ వాల్వు, లైను వైపు ఒక గేజు తప్పకుండా పెట్టించండి. ఒత్తిడి ఎక్కాక వాల్వు కట్టేయాలి. లేకపోతే పంపు లోపలి వాషరు కారినా పైపు లీకైందని గోడలు పగలగొడతారు. అలాంటి గొడవలు ఎన్నో చూశాను. గేజు కూడా 10 కేజీలదైతే ముల్లు మధ్యలో ఆడుతుంది. 40 కేజీల గేజు మీద అర కేజీ పడితే ఎవరి కంటికి ఆనుతుంది?

ఇక మన ఎండలు. టెర్రస్ మీద పైపు వేడెక్కితే ఒత్తిడి దానంతటదే పెరుగుతుంది, సాయంత్రం చల్లబడితే పడుతుంది. లీకు లేకపోయినా టెన్షన్. తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండెక్కకముందే రెండు గంటలు చూసుకోండి. ముల్లు పడితే ఒక్కో జాయింటూ పొడి గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడండి. ముఖ్యంగా ఇత్తడి మరలున్న చోట.

నిలిస్తే మేస్త్రీని రమ్మనండి. కానీ టైల్స్ అయ్యేదాకా పైపుల్లో నీళ్లు ఖాళీ చేయకండి, ఓ 2 కేజీల ఒత్తిడిలో ఉంచండి. మధ్యలో ఎవరైనా డ్రిల్లు దించితే గేజు అక్కడికక్కడే చెప్పేస్తుంది.