తక్‌పట్టీలు రాసే అమ్మాయికి ఇంజినీరింగా, అకౌంటింగా?

ప్రశ్న: మాది హన్మకొండ. ఎంపీసీతో ఇంటర్ పూర్తిచేసి, ఎప్‌సెట్ రాశాను. ఎనుమాముల మార్కెట్‌లో నాన్నగారికి అడ్తి (కమీషన్ దుకాణం) ఉంది. సెలవుల్లో తక్‌పట్టీలు (రైతు సరుకు తూకం, ధర చూపే చీటీలు), ఖాతాలు నేనే రాస్తున్నాను. ఒకరోజు 180 రూపాయలు తేడా వస్తే రాత్రి పదింటి దాకా వెతికి, 5,460 బదులు 5,640 వేశానని కనిపెట్టాను. ఈ పని నాకు ఇష్టం. కానీ గణితం బాగా వచ్చిన పిల్ల కామర్స్‌లో చేరడమేమిటని నాన్నగారు బాధపడుతున్నారు. ఏం చేయమంటారు?

- ఒక విద్యార్థిని

జవాబు: మీ ఉత్తరంలో ఆ 180 రూపాయల సంగతిని నేను రెండుసార్లు చదివాను. తేడా 9తో నిశ్శేషంగా భాగించబడితే పక్కపక్క అంకెలు తారుమారై ఉండవచ్చునని అనుభవజ్ఞులైన లెక్కల గుమాస్తాలు ముందుగా అనుమానిస్తారు. ఆ కిటుకు తెలియకుండానే, విసుగు చెందకుండా, దొరికేదాకా కూర్చున్నారు కదా, ఈ వృత్తికి కావలసిన స్వభావం అదే.

గణితంలో మార్కులు వస్తే ఇంజినీరింగ్ అనే వాదన మన జిల్లాల్లో ఇంటింటా వినబడుతుంది. అయితే బీటెక్ మొదటి ఏడాదిలో ఎదురయ్యేది కలనగణితం, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగ్. అకౌంటింగ్‌లో మాత్రం కూడికలు, తీసివేతలకు మించిన గణితం తక్కువ, చట్టమూ నియమాలూ ఎక్కువ. సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) కోర్సులో తొలి పరీక్ష అయిన ఫౌండేషన్‌లోని 4 పేపర్లలో ఒకటి పూర్తిగా వ్యాపార చట్టాలదే, దానికి జవాబులు వాక్యాల్లో రాయాలి. ఎంపీసీ నుంచి వచ్చినవారు లెక్కల్లో కంటే ఇక్కడే తడబడే అవకాశం ఉంది కనుక, చేరకముందే ఆ పుస్తకం నెల రోజులు చదివి చూడండి. ఫౌండేషన్ గట్టెక్కాలంటే ఒక్కో పేపర్‌లో 40 శాతం, మొత్తంమీద 50 శాతం రావాలి.

నాన్నగారి వైపున కూడా ఒక బలమైన మాట ఉంది, దానిని దాచను. బీటెక్ 60 శాతంతో పూర్తిచేసినవారు ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏ రెండో దశ అయిన ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. బీకాం చదివినవారు ఇంజినీరింగ్‌కు రావాలంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఎటూ తేల్చుకోలేని విద్యార్థికైతే నేనూ బీటెక్ వైపే మొగ్గుతాను. మీరు అలాంటివారు కారు. ఇష్టం ఏదో తెలిసి కూడా 4 ఏళ్లు మరొకటి చదవడం, ఆ తర్వాత మళ్లీ సీఏకు సిద్ధపడటం చాలా పెద్ద మూల్యమని నా గట్టి అభిప్రాయం.

అయితే బీకాం ఒక్కటే సరిపోతుందని భ్రమపడవద్దు. సీఏలో ప్రతి గ్రూపూ (కొన్ని పేపర్ల సముదాయం) మొదటి ప్రయత్నంలోనే దాటకపోవచ్చు, ఆ తర్వాత 2 ఏళ్ల ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర పని నేర్చుకునే శిక్షణ) ఉంటుంది. అందువల్ల డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వేదిక దోస్త్ ద్వారా బీకాంలో చేరి, దానితోపాటు ఫౌండేషన్ రాయండి. జీఎస్టీ రిటర్నులు, ఖాతాల సాఫ్ట్‌వేర్ ట్యాలీ మీ అడ్తి దగ్గరే నేర్చుకోవచ్చు. ఈ సౌకర్యం ఎందరికి దొరుకుతుంది చెప్పండి?

ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌ను ఇప్పుడే వదులుకోకండి, దోస్త్‌లోనూ పేరు నమోదు చేసుకోండి. ఈలోగా మీ ఖాతాలు చూసే చార్టర్డ్ అకౌంటెంటు దగ్గరికి నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. కామర్స్ అంటే గుమాస్తాగిరీ అనే భయం ఆయనకు ఉంటే, ఆ వృత్తిలో ఉన్న మనిషి ఎదుటనే అడగనివ్వండి.