పోటీకి పంపిన విగ్రహం ఎవరిది?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఆళ్లగడ్డలో మా మేనమామ శిల్పశాలలో ఎనిమిదేళ్లుగా రోజు కూలికి పని చేస్తున్నాను. గుళ్లకు ఆర్డరు మీద విగ్రహాలు చెక్కడం మా పని. ఈ మధ్య రాత్రిపూట ఇంటి దగ్గర, నా సొంత ఉలులతో, ఆరంగుళాల కృష్ణశిలలో కాలి ముల్లు తీసుకుంటున్న చెంచులక్ష్మిని చెక్కాను. రాయి మాత్రం శిల్పశాలలో మిగిలిపోయిన ముక్క. చిన్న శిల్పాల పోటీ ఉందని స్నేహితుడు ఆన్‌లైన్ ఫారం పంపాడు. ఎత్తు 20 సెంటీమీటర్లు మించకూడదు. ప్రవేశ రుసుము 1,500 రూపాయలు, మొదటి బహుమతి 50,000. అందులో ఒక షరతు ఇలా ఉంది: "పోటీకి అందిన శిల్పాలన్నీ, వాటిపై సమస్త హక్కులూ నిర్వాహకులకే చెందును. రవాణాలో, ప్రదర్శనలో కలిగే నష్టానికి నిర్వాహకులు బాధ్యులు కారు." బహుమతి రాకపోతే విగ్రహం తిరిగి వస్తుందా? రేపు దీన్ని అచ్చు పోసి అమ్ముకుంటే అడిగే హక్కు నాకుంటుందా? శిల్పశాల పేరు మీదే పంపాలని మా మామ పట్టుబడుతున్నాడు. అహోబిలం స్తంభాల మీది బొమ్మ చూసి చేసినావు కాబట్టి ఇది నీది కాదని ఇంకొకరన్నారు. నెలాఖరు గడువు. ఏం చేయమంటారు?
— ఒక శిల్పి, ఆళ్లగడ్డ

జవాబు: ఆ షరతులో నా కన్ను పడింది "అన్నీ" అన్న మాట మీద. గెలిచిన శిల్పాలు అనలేదు, అందినవన్నీ అన్నారు. వందమంది పంపితే ముగ్గురికి బహుమతులిచ్చి, తక్కిన తొంభై ఏడు విగ్రహాలు కూడా ఉంచేసుకోవచ్చని దాని అర్థం. అదీ ఒక్కొక్కరి దగ్గర 1,500 రూపాయలు కట్టించుకుని. ఆ వాక్యం మారేదాకా విగ్రహం పంపవద్దు, టిక్కు కూడా పెట్టవద్దు.

మీ దగ్గర ఉన్నవి నిజానికి రెండు ఆస్తులు. ఒకటి ఆ రాతి విగ్రహం. రెండోది ఆ రూపం మీద హక్కు, అంటే కాపీరైట్. విగ్రహాన్ని ఎవరికైనా అమ్మినా, ఊరికే ఇచ్చినా, దాని వెంట కాపీరైట్ తనంతట తాను వెళ్లిపోదు. కొన్నవాడు దాన్ని షోకేసులో పెట్టుకోవచ్చు, మళ్లీ అమ్ముకోవచ్చు. అచ్చు తీసి వంద బొమ్మలు పోయడానికి మాత్రం మీ అనుమతి కావాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం శిల్పాన్ని కళాకృతిగా గుర్తిస్తుంది. అచ్చులు, పోతలు కూడా శిల్పం కిందికే వస్తాయి. గొప్ప కళా కాదా అని చట్టం చూడదు, ఆరంగుళాలా అరవై అడుగులా అనీ చూడదు. చెక్కడంతోనే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీరు జీవించినంత కాలం, ఆ తర్వాత మీ వారసులకు మరో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. ఏ రూపంలో నకలు తీయాలన్నా సెక్షన్ 14 ప్రకారం మీరే అనుమతించాలి. కంప్యూటర్‌లో భద్రపరచడం కూడా నకలు తీయడమేనని ఆ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. కాబట్టి వాళ్లు మీ విగ్రహాన్ని త్రీడీ స్కాన్ చేసి ఫైలుగా ఉంచుకోవాలన్నా మిమ్మల్ని అడగాల్సిందే.

అహోబిలం సంగతికి వద్దాం. వందల ఏళ్ల నాటి స్తంభాల మీది శిల్పాలకు ఇప్పుడు కాపీరైట్ లేదు. వాటిని చూసి చెక్కడం మీ హక్కు. తరతరాలుగా శిల్పులు నేర్చుకున్నది అలాగే. అయితే స్తంభం మీది బొమ్మనే యథాతథంగా చిన్నది చేసి దించి ఉంటే, కొత్తగా మీరు చేర్చింది తక్కువ కాబట్టి మీ హక్కు బలహీనంగా ఉంటుంది. భంగిమ, ముఖంలో ఆ నొప్పి, వేళ్ల మధ్య ముల్లును పట్టుకున్న తీరు మీ సొంత ఊహ అయితే ఆ మేరకు అది పూర్తిగా మీదే. మీరు పంపిన ఫొటోలో ఆమె రెండో చేయి పక్కనున్న బండను పట్టుకుని ఉంది, మడమ నేలకు ఆనలేదు. అలాంటివే మీ ముద్ర. జాగ్రత్తపడాల్సింది ఇటీవలి విగ్రహాల విషయంలో. కూడళ్లలో శాశ్వతంగా నిలబెట్టిన శిల్పాన్ని ఫొటో తీయడానికి, బొమ్మ గీయడానికి సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. దాన్ని చూసి మరో చిన్న విగ్రహం చేయడానికి ఆ మినహాయింపు వర్తించదు. హుస్సేన్ సాగర్ బుద్ధుణ్ణి చిన్నది చేసి పోటీకి పంపుదామనుకునే మిత్రులెవరైనా ఉంటే ఈ మాట చెప్పండి.

మీ మామయ్య మాటే అసలు చిక్కు. సెక్షన్ 17(సి) ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. మీరు ఎనిమిదేళ్లుగా ఆయన చెప్పిన వేళకు వచ్చి, ఆయన చెప్పిన పని చేసి, రోజు కూలి తీసుకుంటున్నారు. శిల్పశాలలో ఆర్డరు మీద మీరు చెక్కిన విగ్రహాల మీద ఆయన హక్కు కోరితే కాదనడం కష్టం. ఈ చెంచులక్ష్మి కథ వేరు. రాత్రిపూట, ఇంటి దగ్గర, సొంత పనిముట్లతో, ఎవరూ చెప్పకుండా చేశారు. ఇది ఉద్యోగంలో భాగం కాదు. అడ్డొచ్చేది ఆ రాతి ముక్క ఒక్కటే. అది ఆయన సొత్తు. దాని వల్ల కాపీరైట్ మారదు గాని, రాయి నాదని రేపెవరైనా విగ్రహాన్నే పట్టుకుంటే గొడవ మొదలవుతుంది. ముక్కకు వెల కట్టి డబ్బిచ్చేయండి. ఒక కాగితం మీద ఈ మాటలు రాయించుకుని ఆయన చేత సంతకం పెట్టించుకోండి: "ఈ శిల్పాన్ని నా మేనల్లుడు తన సొంత సమయంలో, సొంత పనిముట్లతో, తన ఇంటి దగ్గర చెక్కాడు. దీనికి వాడిన రాతి ముక్క వెల నాకు ముట్టింది. ఈ శిల్పం మీద గాని, దీని కాపీరైట్ మీద గాని నాకు ఏ హక్కూ లేదు." తేదీ వేయించండి, ఇద్దరు సాక్షులుంటే మంచిది.

ఆయన మనసు నొచ్చుకోకుండా ఇది అడగడం మీకు ఇబ్బందే, నాకు తెలుసు. పని నేర్పిన చేతులవి. ఫారంలో "శిక్షణ పొందిన చోటు" అని శిల్పశాల పేరు రాస్తానని ముందు చెప్పండి. ఆయన కోరుకుంటున్నది ఆ గుర్తింపే కావచ్చు. శిల్పి పేరు దగ్గర మాత్రం మీ పేరే ఉండాలి.

ఇక ఆ షరతు. కాపీరైట్ బదలాయింపు చెల్లాలంటే సెక్షన్ 19 ప్రకారం అది రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉండాలి. ఏ కృతి, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతానికి, ఎంత ప్రతిఫలానికి అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం భావిస్తుంది. "సమస్త హక్కులూ" అన్న ఒక్క ముక్కకు, దాని పక్కన పెట్టిన టిక్కుకు అంత బలం లేదని నా అభిప్రాయం. ఆన్‌లైన్ ఒప్పందాలు చెల్లుతాయి, నిజమే. కానీ టిక్కు పెట్టడం సెక్షన్ 19 అడిగే సంతకం అవుతుందని నేను ఒప్పుకోను. అయినా ఈ వాదన మీద ఆశ పెట్టుకుని విగ్రహం పంపమని మాత్రం చెప్పను. వాదన కోర్టులో గెలవడానికి ఏళ్లు పడుతుంది. బదలాయింపు షరతులు మరీ కఠినంగా ఉంటే రద్దు కోరే దారి సెక్షన్ 19ఏలో ఉంది, కానీ బదలాయించిన అయిదేళ్ల లోపు అలాంటి ఉత్తర్వు ఇవ్వడానికి వీల్లేదు.

కొన్నేళ్ల కిందట ఒక కొయ్య శిల్పి నా దగ్గరికి వచ్చాడు. జేబులోంచి ప్లాస్టిక్ పోత బొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు. పెళ్లిలో వచ్చినవాళ్లకు కానుకగా పంచారట, తాంబూలంతో పాటు ఆయన చేతికీ ఒకటి వచ్చింది. తాను పోటీకి పంపి, బహుమతి రాక మరచిపోయిన నెమలి అది. మెడ దగ్గర ఉలి జారి పడ్డ చిన్న గీత కూడా పోతలో అలాగే దిగింది. ఆ గీతే మాకు సాక్ష్యమైంది. నోటీసిచ్చాం, చివరికి రాజీ కుదిరి కొంత సొమ్ము వచ్చింది. కానీ ఫారం నకలు ఆయన దగ్గర లేదు, పంపిన రసీదు లేదు, చెక్కుతున్నప్పటి ఫొటో ఒక్కటీ లేదు. ఆ గీత పడకపోయి ఉంటే మేం చూపగలిగింది ఏమీ లేదు.

అందుకే ఈ వారమే మీరు చేయాల్సిన పని ఒకటుంది. పీఠం అడుగున మీ పేరు, సంవత్సరం చెక్కండి. కళాకృతి తయారైనప్పుడే దాని మీద పేరుంటే, కాదని రుజువయ్యేదాకా ఆ పేరు గలవారే కర్త అని సెక్షన్ 55 భావిస్తుంది. న్యాయనిర్ణేతలకు పేరు కనిపించకూడదని నియమం ఉంటే దాని మీద గుడ్డముక్క అంటించి పంపండి, చెరపకండి. విగ్రహాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి ఒకటి తీయండి. మట్టి నమూనా ఉంటే పారేయకండి. ఫోన్‌లో పని మధ్యలో తీసిన ఫొటోలుంటే అవి బంగారం. 500 రూపాయల రుసుముతో కాపీరైట్ రిజిస్టర్ చేయించుకోవచ్చు. తప్పనిసరి కాకపోయినా కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది.

మీరు రాతపూర్వకంగా హక్కులన్నీ ఇచ్చేసినా పోనివి కొన్ని ఉన్నాయి. శిల్పి నేనే అని చెప్పుకునే హక్కు, నా పేరు చెడేలా దాన్ని వికృతం చేయవద్దనే హక్కు సెక్షన్ 57 కింద మీతోనే ఉంటాయి. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కు చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో మరమ్మతుల పేరుతో ఊడదీసి గోదాములో పడేశారు. కొన్ని ముక్కలు కనబడకుండా పోయాయి. ఆయన ప్రభుత్వం మీదే దావా వేశారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇవ్వాలని, అయిదు లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. శిల్పం ప్రభుత్వ ఆస్తే. అయినా శిల్పి గెలిచాడు. ఆ తీర్పు చదివిన ప్రతిసారీ నాకు ధైర్యం వస్తుంది. ఇంకో హక్కు చాలామందికి తెలియదు. మీరు అమ్మిన అసలు శిల్పం తర్వాత ఎప్పుడైనా పదివేల రూపాయలకు మించి చేతులు మారితే, ఆ ధరలో పది శాతం దాకా వాటా కోరవచ్చని సెక్షన్ 53ఏ చెబుతుంది. ఆచరణలో రాబట్టడం కష్టమే, కానీ ఎవరికి అమ్మారో రాసి పెట్టుకోండి.

విగ్రహం పగిలితే? పోటీ కోసం అప్పగించిన వస్తువును, మామూలు వివేకం ఉన్న మనిషి అలాంటి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 151 చెబుతోంది. పని అయిపోయాక తిరిగి ఇవ్వాలి కూడా. "బాధ్యులం కాము" అని రాసుకుంటే నిర్లక్ష్యం నుంచి కూడా తప్పించుకోవచ్చా అన్న దానిపై హైకోర్టుల అభిప్రాయాలు ఒకేలా లేవు. ఆ తగవు మీకెందుకు, బీమా చేయించండి. పార్సిల్ బుక్ చేసేటప్పుడు అసలు విలువ రాయించండి. విలువ ప్రకటించకపోతే రవాణా సంస్థ బాధ్యత చాలా కొద్ది మొత్తానికే పరిమితమవుతుంది. చెంచులక్ష్మి ఎత్తిన కాలు సన్నగా ఉంది, అక్కడ నురుగు షీటు రెండు వరసలు చుట్టండి.

పోటీ విదేశంలో అయితే మరో మాట. చూడటానికి పాతగా ఉన్న రాతి, కంచు విగ్రహాలను కస్టమ్స్ వాళ్లు ఆపుతారు. వందేళ్లు దాటిన శిల్పాన్ని పురావస్తువుగా చూసే 1972 నాటి చట్టం ఉంది కాబట్టి, ఇది పురావస్తువు కాదనే ధ్రువపత్రం భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి ముందే తెచ్చుకోవాలి. ఎర్రచందనంతో చెక్కేవాళ్లకు ఎగుమతి నిబంధనలు ఇంకా కఠినం. అలాగే ఈ రూపాన్ని మీరే అచ్చుల్లో వందలుగా పోసి అమ్మే ఆలోచన ఉంటే, ప్రదర్శనకు పెట్టకముందే 2000 నాటి డిజైన్ల చట్టం కింద దరఖాస్తు అవసరమా అని ఒక న్యాయవాదిని అడగండి. ముందే బయటపెట్టిన డిజైన్‌కు కొత్తదనం పోతుంది. బహుమతి సొమ్ము ఆదాయం లెక్కలోకి వస్తుంది. పన్ను కోసుకుని ఇస్తే ఆ పత్రం తీసుకోండి.

ఇప్పుడు నిర్వాహకులకు మెయిల్ రాయండి. గొడవ పెట్టుకుంటున్నట్టు కాదు, మర్యాదగానే: "శిల్పం యాజమాన్యం, కాపీరైట్ నా వద్దే ఉంటాయి. పోటీ ప్రచారానికి, ప్రదర్శన పుస్తకానికి నా పేరుతో ఫొటోలు వాడుకోవడానికి ఒక సంవత్సరం పాటు అనుమతిస్తున్నాను. నకళ్లు, అచ్చులు, త్రీడీ స్కాన్‌లకు అనుమతి లేదు. బహుమతి రాని పక్షంలో ఫలితాలు వెలువడిన 30 రోజుల్లో శిల్పాన్ని తిరిగి పంపగలరు. దీనికి మీ అంగీకారం తెలియజేయగలరు." బహుమతి వస్తే విగ్రహం వాళ్లదే అంటే ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. 50,000 ఆ పనికి తగిన వెల అని మీకు అనిపిస్తే ఇవ్వండి, కాపీరైట్ మాత్రం ఇవ్వకండి. మంచి నిర్వాహకులు చాలామంది ఇలా అడిగితే వెంటనే సరేనంటారు. ఎక్కడిదో ఒక ఫారం దించుకుని పెట్టి ఉంటారు, అంతే.

ఇంతా చేసి ఎవరైనా మీ రూపాన్ని పోత పోస్తే, కాపీరైట్ దావా మీరు నివసించే చోటి జిల్లా కోర్టులోనే వేసే వీలు సెక్షన్ 62 ఇస్తుంది. అందుకే ఫారంలో "ఫలానా నగరం కోర్టులకే పరిధి" అన్న వాక్యం ఉందేమో చూసి, ఉంటే తీసేయమనండి. లాయరు ఫీజు భారమైతే, ఆదాయ పరిమితి లోపు ఉన్నవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

నెలాఖరు గడువని తొందరపడకండి. మెయిల్ ఈ రోజే పంపండి. జవాబు చేతికి వచ్చాక, ఆ జవాబును ఫారంతో కలిపి ముద్రించి ఇంట్లో ఒక నకలు దాచి, అప్పుడు విగ్రహాన్ని పెట్టెలో పెట్టండి.