మబ్బు పడితే బడికి వెళ్లనంటున్నాడు.. మందులు వాడాలా?

ప్రశ్న: మా బాబుకు 9 ఏళ్లు. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు రెండు రోజులు మేడ మీదే ఉండిపోయాం. అప్పటినుంచి మబ్బు పడితే చాలు, బడికి వెళ్లనంటాడు. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు, మళ్లీ పక్క తడుపుతున్నాడు. ఇంట్లో వరద మాట ఎవరూ ఎత్తడం లేదు. తాయెత్తు కట్టించాం. మందులేమైనా వాడాలా?
– ఓ తల్లి

జవాబు: అమ్మా, ఈ వయసులో ఇలాంటి భయానికి మాత్రలతో మొదలుపెట్టం. నిద్ర కోసమని మెడికల్ షాపులో అడిగి బిళ్లలు వేయకండి. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దానితో నాకు పేచీ లేదు. నాకు టెన్షన్‌గా అనిపించింది మీ ఇంట్లోని మౌనమే. మాట ఎత్తకపోతే మరిచిపోతాడని మీరనుకుంటున్నారు. అమ్మానాన్నలే నోరెత్తలేనంత పెద్ద గండమని వాడు అనుకుంటూ ఉండొచ్చు.

పెద్ద ప్రమాదం తర్వాత కొన్ని వారాలు భయపడటం మామూలే. నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ (పెద్ద ప్రమాదం తర్వాత మనసులో మిగిలిపోయే భయపు జబ్బు) ఉందేమో చూడాలి. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. పక్క తడుపుతున్నందుకు తిట్టకండి. యూరిన్ ఇన్ఫెక్షన్, షుగర్ లేవని పిల్లల డాక్టరుతో ఓసారి తేల్చుకోండి.

ఈ సమస్యకు బాగా పనిచేసేది ట్రామా ఫోకస్డ్ సీబీటీ, అంటే భయపెట్టిన సంఘటనను మెల్లమెల్లగా ఎదుర్కోవడం నేర్పే మాటల చికిత్స. సాధారణంగా వారానికో సిట్టింగ్ చొప్పున 12 నుంచి 16 దాకా పడతాయి. మొదటిరోజే వరద గురించి గుచ్చి గుచ్చి అడగరు. ముందు ఊపిరి నెమ్మదిగా వదలడం, భయం పదిలో ఎంతుందో చెప్పడం నేర్పిస్తారు. ఆ తర్వాతే కథ. నీళ్లు గుమ్మం దాటడం, కరెంటు పోవడం, డ్రోన్ పొట్లాలు తేవడం.. బొమ్మలు గీస్తూ ఒక్కో ఘట్టమే చెప్పిస్తారు. చెబుతూ చెబుతూ పిల్లలు ఒకచోట ఆగిపోతారు. ‘నేను బ్యాగు కోసం వెనక్కి వెళ్లబట్టే అందరం ఇరుక్కుపోయాం’ లాంటి నేరభావన చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. పెద్దవాళ్లకు అది తట్టనే తట్టదు. దానితో పాటే వాన వీడియో చూడటం, కిటికీ దగ్గర నిలబడటం, గొడుగుతో గేటు దాకా నడవడం మెట్టుమెట్టుగా చేయిస్తారు.

ఇందులో మీ వంతూ ఉంది. చివర్లో బాబు తన కథ మీకు చదివి వినిపిస్తాడు. మీరు కంగారుపడకుండా వినేలా థెరపిస్టు మిమ్మల్నీ ముందే సిద్ధం చేస్తారు. వాళ్ల నాన్ననూ తీసుకెళ్లండి. ‘మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా’ అనే మాట ఇంట్లో వినపడకూడదు.

ప్రభుత్వ పెద్దాసుపత్రి సైకియాట్రీ విభాగంలో చూపించి, పిల్లలకు ట్రామా థెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్టు ఎక్కడున్నారో అడగండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలిమానస్‌కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ‘చచ్చిపోతే బాగుండు’ అని బాబు ఒక్కసారి అన్నా సరే, అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.