టెక్ సందేహాలు: డేటాబేస్‌ని జేబులో వేసుకుని తిరగొచ్చా?

ప్రశ్న: గాజువాకలో ట్యూషన్ సెంటర్ నడుపుతున్నాను సార్. పిల్లల పేర్లు, ఫీజులు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాను. ఇంట్లోనూ సెంటర్‌లోనూ పని చేసుకోవచ్చని సాఫ్ట్‌వేర్‌తో సహా అంతా పెన్‌డ్రైవ్‌లోనే ఉంచాను. పోయిన వారం ఫీజు ఎంట్రీలు వేస్తుండగా కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ఆ ఫోల్డర్‌లో ఎప్పుడూ లేని ఫైల్ ఒకటి ఉంది. వైరస్ అనుకుని డిలీట్ చేశాను. ఇప్పుడు తెరిస్తే ‘డేటాబేస్ డిస్క్ ఇమేజ్ ఈజ్ మాల్‌ఫార్మ్‌డ్’ (డేటాబేస్ ఫైల్ పాడైంది) అంటోంది. మంచి కంపెనీ పెన్‌డ్రైవ్ కొంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఇదే ఫిర్యాదు నాకు రకరకాల రూపాల్లో వస్తూనే ఉంది. ఒకరిది మందుల షాపు స్టాకు, ఇంకొకరిది అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్క, మరొకరిది చీటీల పద్దు. అందరూ అడిగేది ఏ పెన్‌డ్రైవ్ కొనాలనే. పెన్‌డ్రైవ్ మీద డేటాబేస్ నడపొచ్చా అని మాత్రం ఎవరూ అడగడం లేదు.

ఆ ఎర్రర్ మెసేజ్ ఎస్‌క్యూలైట్‌ది. మీ సాఫ్ట్‌వేర్ పేరు ఏదైనా, లోపల పని చేసేది అదే. 2000లో రిచర్డ్ హిప్ తయారుచేసిన ఈ డేటాబేస్‌కి సర్వర్ అక్కర్లేదు, డేటా మొత్తం ఒకే ఫైల్‌లో ఉంటుంది. అందుకే అది పెన్‌డ్రైవ్‌లోకి అంత తేలిగ్గా ఎక్కేస్తుంది. మీరు డిలీట్ చేసిన ఫైల్ పేరు చివర ‘జర్నల్’ అని ఉందేమో గుర్తు తెచ్చుకోండి. ఉంటే అది వైరస్ కాదు. ఎస్‌క్యూలైట్ ఒక పేజీని, అంటే ఫైల్‌లోని ఒక చిన్న భాగాన్ని, మార్చే ముందు పాత పేజీని ఆ ఫైల్‌లో రాసి పెట్టుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ తెరిచినప్పుడు దాన్ని చదివి డేటాను పాత స్థితికి తెస్తుంది. మీ లెక్కలు వాటంతటవే బాగుపడే దారి అదొక్కటే, అదే పోయింది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో జర్నల్ బదులు ‘వాల్’ అనే ఫైల్ ఉంటుంది. కొత్త ఎంట్రీలు కొంతకాలం అందులోనే ఉంటాయి. దాన్ని వదిలేసి అసలు ఫైల్ ఒక్కటే కాపీ చేసుకుంటే తాజా ఎంట్రీలు మాయం.

తప్పంతా మీ మీద వేయను. ఇంత ముఖ్యమైన ఫైల్‌ని ఒక్క మాట చెప్పకుండా యూజర్ కళ్లముందు వదిలేసిన సాఫ్ట్‌వేర్ డిజైన్ మీద నాకు నిజంగా కోపం వస్తోంది. ‘గతసారి సరిగ్గా మూసుకోలేదు, ఏ ఫైలూ తీసేయకండి’ అని తెలుగులో ఒక్క వాక్యం చూపించడానికి ఎంత కష్టపడాలి?

ముందు చేయాల్సింది చెబుతాను. ఆ పెన్‌డ్రైవ్‌లో ఇంకేమీ రాయకండి. అందులోని ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, ఆ కాపీ మీదే పని చేయండి. డిలీట్ అయిన ఫైళ్లు తెచ్చే టూల్‌తో పెన్‌డ్రైవ్‌ని వెతికితే జర్నల్ దొరకొచ్చు. దొరికినా, ఆ తర్వాత మీరు కొత్త ఎంట్రీలు వేసి ఉంటే దాన్ని వెనక్కి పెట్టకండి, ఇంకా పాడవుతుంది. ఎస్‌క్యూలైట్ వాళ్ల ఉచిత కమాండ్‌లైన్ టూల్‌లో (ఆదేశాలు టైప్ చేసి వాడేది) ‘రికవర్’ అనే ఆదేశం ఉంది. పాడైన ఫైల్ నుంచి దక్కినంత మేర కొత్త ఫైల్‌లోకి లాగుతుంది. దక్కినదాన్ని మీ రసీదు పుస్తకంతో ఒక్కో ఎంట్రీ సరిచూసుకోవాల్సిందే.

మరి మంచి పెన్‌డ్రైవ్ ఎందుకు సరిపోదు? డేటాబేస్ డ్రైవ్‌ని ‘ఇది నిజంగా రాసేశావా?’ అని అడిగాకే తర్వాతి అడుగు వేస్తుంది. పూర్తిగా రాయకుండానే రాసేశానని చెప్పడంలో యూఎస్‌బీ డ్రైవ్‌లు మరీ ఘోరమని ఎస్‌క్యూలైట్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. పైగా పెన్‌డ్రైవ్ లోపలుండే ఫ్లాష్ మెమరీలో ఒక చిన్న పేజీ మారాలన్నా దానికంటే ఎంతో పెద్ద బ్లాక్‌ని చెరిపి రాయాలి. ఆ క్షణంలో కరెంటు పోతే మీరు ముట్టుకోని డేటా కూడా దెబ్బతినొచ్చు. ఎక్కువ పెన్‌డ్రైవ్‌లు వచ్చే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్లలో ఫైల్ సిస్టమ్‌కి (డ్రైవ్‌లో ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పద్ధతికి) సొంత జర్నల్ ఉండదు. ‘విండోస్‌లో ఇప్పుడు ఎజెక్ట్ అక్కర్లేదు కదా’ అని కొందరు వాదిస్తారు. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి క్విక్ రిమూవల్ (ఎజెక్ట్ నొక్కకుండానే డ్రైవ్ తీసే వీలు) డిఫాల్ట్ అయిన మాట నిజమే. ఏ పనీ జరగని డ్రైవ్‌కే అది వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగా పీకితే ఎవరూ కాపాడలేరు.

ఇదంతా ఒక ఎత్తు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ‘ఆధార్ నంబర్లు’ అన్న మాట.

ఆ పాడైన ఫైల్ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. పిచ్చి గుర్తుల మధ్య పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు మామూలుగా చదవగలిగేలా కనిపించే అవకాశమే ఎక్కువ. ఎస్‌క్యూలైట్ ఫైల్‌కి మామూలుగా తాళం ఉండదు. సాఫ్ట్‌వేర్ అడిగే పాస్‌వర్డ్ ఆ సాఫ్ట్‌వేర్ తెరవడానికే. తీసేసిన ఎంట్రీలు కూడా ఆ చోటు మీద ఇంకోటి పడేదాకా ఫైల్‌లో మిగిలిపోవచ్చు. అంటే ఎప్పుడో మానేసిన పిల్లల వివరాలు కూడా మీ జేబులో తిరుగుతుండొచ్చు.

ఆ జేబు ఎక్కడెక్కడికి వెళ్తుంది? ఆ మధ్య ద్వారకా నగర్‌లో ఒక జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం నిలబడ్డాను. నా ముందున్న అమ్మాయి పెన్‌డ్రైవ్ ఇచ్చింది. కుర్రాడు దాన్ని పెట్టి, ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి డెస్క్‌టాప్ మీదకు లాగి, రెండు పేజీలు ప్రింట్ తీసి, డ్రైవ్ తిరిగి ఇచ్చేశాడు. ఆ ఫైళ్లు అక్కడే ఉండిపోయాయి. డెస్క్‌టాప్ నిండా అలాంటివే: ఎవరిదో ఆధార్ ముందువైపు, ఎవరిదో పెళ్లి బయోడేటా, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ. కుర్రాడికి చెడు ఉద్దేశం లేదు, వెనక క్యూ పెరుగుతోంది అంతే. మీ ఫీజు రిపోర్ట్ ప్రింట్‌కి ఇదే పెన్‌డ్రైవ్ ఇచ్చి ఉంటే, మీ పిల్లలందరి వివరాలు అలాంటి ఏదో డెస్క్‌టాప్ మీద ఉండి ఉండొచ్చు. వెళ్లేటప్పుడు డేటా వదిలి, వచ్చేటప్పుడు షార్ట్‌కట్ వైరస్ (ఫైళ్లను దాచి వాటి చోట షార్ట్‌కట్‌లు పెట్టేది) తెచ్చుకోవడం కూడా అక్కడే.

అసలు ట్యూషన్‌కి ఆధార్ ఎందుకండీ? స్విమ్మింగ్ క్లాసు ఫారంలోనూ ఆధార్, డ్యాన్స్ క్లాసు ఫారంలోనూ ఆధార్. ఎవరో ఒక ఫారం చేశారు, మిగతావాళ్లు దాన్నే దించుకున్నారు. తీసుకున్నవాళ్లకు దానితో పని లేదు, ఇచ్చినవాళ్లకు అడిగే ధైర్యం లేదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల డేటాకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. తగిన జాగ్రత్తలు తీసుకోక డేటా బయటికి పోతే జరిమానా 250 కోట్ల వరకూ ఉండొచ్చని రాసింది. చట్టం మాట అటుంచండి, నమ్మి ఇచ్చిన తల్లిదండ్రుల ముఖం చూడాలి కదా. ఆ కాలమ్ ఈరోజే తీసేయండి. తీశాక ఇందాక చెప్పిన ఎస్‌క్యూలైట్ టూల్‌లోనే ‘వ్యాక్యూమ్’ ఆదేశం ఇస్తే ఫైల్ కొత్తగా రాసుకుని పాత ఆనవాళ్లు పోతాయి.

ఇక ఏర్పాటు. డేటాబేస్ సెంటర్‌లోని కంప్యూటర్‌లోనే ఉండాలి, దానికో చిన్న యూపీఎస్ ఉండాలి. రెండు చోట్లా పని తప్పదంటే ల్యాప్‌టాప్ మోయండి. రాత్రి మూసేముందు సాఫ్ట్‌వేర్‌లోని బ్యాకప్‌తో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయండి. రెండు డ్రైవ్‌లు, రోజుకొకటి, ఒకటి ఎప్పుడూ ఇంట్లో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు ఇక్కడ విశాఖలో ఉన్నవాళ్లకి రెండో చోట కాపీ ఎందుకో వివరించనక్కర్లేదు. ఆ డ్రైవ్‌లకు విండోస్‌లోనే ఉండే బిట్‌లాకర్‌తో పాస్‌వర్డ్ తాళం వేయండి. వేయడానికి విండోస్ ప్రో కావాలి, తెరవడానికి హోమ్ చాలు. ప్రో లేకపోతే వెరాక్రిప్ట్ ఉచితం. ప్రింట్లకు వేరే డ్రైవ్, అందులో ఆ పీడీఎఫ్ తప్ప ఇంకేమీ వద్దు.

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నుంచి. ఫుట్‌పాత్ మీద 500 రూపాయలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ కొన్నాను. పెళ్లి ఫొటోలు వేస్తే సగం తెరుచుకోవడం లేదు.

జవాబు: 500కి 2 టీబీ రాదు. లోపల చిన్న చిప్ పెట్టి, కంప్యూటర్‌కి 2 టీబీ అని చెప్పేలా మార్చి అమ్ముతారు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత టూల్‌తో అసలు ఎంత ఉందో తేలుతుంది కానీ, ఆ పరీక్ష డ్రైవ్ నిండా రాస్తుంది, ఇప్పుడే చేయకండి. కొన్నిట్లో మొదట వేసిన ఫొటోలు మిగులుతాయి, కొన్నిట్లో కొత్తవి పాతవాటి మీదే పడిపోతాయి. తెరుచుకునేవన్నీ ఇవాళే కంప్యూటర్‌లోకి దించుకోండి. కెమెరా మెమరీ కార్డు చెరిపేశారేమో ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేసి అడగండి.